నాన్నగారికి చెవి మిషన్ పెట్టించాక హోరు ఇంకా ఎక్కువైందంటున్నారు, ఏ సెట్టింగ్ మార్చాలి?

ఆటోనగర్ అబ్బాయి:
సాయంత్రం నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నా, బుర్ర వేడెక్కిపోయింది. నాన్నగారికి చెవిలో గుయ్‌మని ఒకటే హోరు. మిషన్ పెడితే అణుగుతుందని షాపులో చెబితే కొన్నాం. మొదట్లో కాస్త నయం అన్నారు. ఇప్పుడేమో తన గొంతు తనకే బిందెలో మాట్లాడినట్టుందట, రాత్రి మిషన్ తీసి పడుకుంటే హోరు ఇంకా పెరిగిందట. ఫోన్ యాప్‌లో 'టినిటస్' (అంటే చెవిలో హోరే) అని ఒక ఆప్షన్ ఉంది, ఫుల్లు పెట్టినా లాభం లేదు. వాల్యూమ్ పెంచాలా, తగ్గించాలా? ఒక్క ముక్కలో చెప్పండి చాలు. ఉండేది విజయవాడ.

డెసిబెల్:
ఆడియోగ్రామ్, అదే వినికిడి పరీక్ష కాగితం, ఏది? హోరు ఒక చెవిలోనా, రెండిట్లోనా? రోజుకి ఎన్ని గంటలు పెట్టుకుంటున్నారు? ఇవి చెప్పకుండా సెట్టింగ్ అడిగితే ఎవరూ చెప్పలేరు.

బ్రాడీపేట మాస్టారు:
బాబూ, మిషన్ సంగతి తర్వాత. ముందు ఆయన మింగే మందుల చీటీ చూడు. చెవిలో మోత తెచ్చే మందులు చాలానే ఉన్నాయి. ఆస్పిరిన్ పెద్ద మోతాదులో వాడితే వస్తుంది, మోతాదు తగ్గిస్తే మామూలుగా పోతుంది. గుండె కోసం ఇచ్చే 75 మిల్లీగ్రాముల బిళ్ళకి సాధారణంగా ఆ బెడద ఉండదు. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, కీమోలో ఇచ్చే సిస్ప్లాటిన్ అలా కాదు, లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలనే దెబ్బతీస్తాయి. అవి పోతే మళ్ళీ పుట్టవు. నీరు లాగడానికి నరంలోకి ఎక్కువ మోతాదులో ఇచ్చే ఫ్యూరోసెమైడ్ కూడా ఈ జాబితాలోదే. అలాగని డాక్టర్ని అడక్కుండా దేన్నీ ఆపెయ్యకండి.

ఇక హోరు తగ్గిస్తాయని అమ్మే బిళ్ళలు. జింకో (ఒక చెట్టు ఆకుల సారం), జింక్, మెలటోనిన్ మూడింటినీ ఈ సమస్యకి సిఫారసు చేయొద్దని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాల్లోనే రాసింది. మనవాళ్ళు మాత్రం నెలల తరబడి రాస్తూనే ఉంటారు, మనం కొంటూనే ఉంటాం. ఆ డబ్బుతో మంచి ఆడియాలజిస్టుకి (వినికిడి నిపుణుడికి) ఫీజు కట్టుకోవచ్చు.

ఆటోనగర్ అబ్బాయి:
మాస్టారూ, నేను మందుల సంగతి అడగలేదండి. ఆయనకి బీపీ బిళ్ళ ఒక్కటే. వయసు 63. లారీ బాడీలు కట్టే షెడ్డులో చేసేవారు, ఎప్పుడూ గ్రైండర్ మోతే. మిషన్ చెవి వెనక ఉండేది, సన్నటి తీగ, చివర రబ్బరు టోపీ. సాయంత్రం టీవీ చూసేటప్పుడు ఓ గంట పెట్టుకుంటారు. మిగతా టైమంతా ఇంట్లో నిశ్శబ్దమే కదా, అప్పుడు మిషన్ ఎందుకు?

ఓపెన్‌డోమ్:
ఆ నిశ్శబ్దంలోనే మిషన్ కావాలండీ. టీవీకి లేకపోయినా ఫర్వాలేదు.

ఇలాంటి హోరులో ఎక్కువ భాగం వినికిడి తగ్గడంతోనే మొదలవుతుంది. మోతలో పనిచేసినవాళ్ళకి ముందు దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సన్నటి కీచు శబ్దాల దగ్గర. అక్కడి రోమకణాలు పోతే మెదడుకి ఆ స్థాయి శబ్దాలు అందవు. అందని చోట మెదడు లోపలి వాల్యూమ్ తానే పెంచుకుంటుంది, ఆ పెంపులో నరాల సొంత అలజడే శబ్దంగా వినిపిస్తుంది. బయటి చప్పుడు ఎంత తక్కువైతే ఇది అంత పైకొస్తుంది. చెవులు బాగున్నవాళ్ళకీ ఇది తప్పదు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు 80 మందిని చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెడితే 94 శాతం మంది ఏదో ఒక మోత విన్నామన్నారు. మీ ఇంట్లో రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ ఆగినప్పుడు మీ నాన్నగారిని అడగండి, ఏం చెబుతారో.

మిషన్ చేసే పని, ఆ అందని శబ్దాల్ని మళ్ళీ అందించడం. ఫ్యాను గాలి, కుళాయి నీళ్ళు, వీధిలో బండ్లు, పేపరు తిప్పిన చప్పుడు, ఇవన్నీ లోపలికొస్తే హోరుకీ చుట్టుపక్కలకీ మధ్య తేడా తగ్గుతుంది. మాట వినడానికి పడే ప్రయాస తగ్గుతుంది. దాంతో మెదడు హోరుని పట్టించుకోవడం మెల్లగా మానుతుంది. ఇది గంటకో రెండు గంటలకో జరిగే పని కాదు. లేచినప్పటి నుంచి పడుకునే దాకా, కనీసం ఎనిమిది గంటలు, వారాల తరబడి పెట్టుకోవాలి. పగలంతా తీసి ఉంచి సాయంత్రం మాత్రమే పెడితే, తీసిన ప్రతిసారీ హోరు కొత్తగా మొదలైనట్టే ఉంటుంది.

బిందె గొంతు సంగతి వేరు. దానికి వాల్యూమ్‌తో పని లేదు. తీగ చివరి రబ్బరు టోపీని డోమ్ అంటారు. దానికి చిల్లులు లేకపోతే అది మూసి ఉండే రకం. ఆయనకి తక్కువ ఫ్రీక్వెన్సీలు, అంటే మంద్ర శబ్దాలు, బాగానే వినిపిస్తుంటే, మాట్లాడేటప్పుడు గొంతులోని మంద్రస్వరం చెవి గొట్టంలోనే చిక్కుకుని గూడుకడుతుంది. పక్కల చిల్లులున్న ఓపెన్ డోమ్ వేస్తే ఆ మంద్రస్వరం బయటికి పోతుంది, పైగా గది శబ్దం నేరుగా లోపలికొస్తుంది. హోరుకి అదీ లాభమే. కాకపోతే 4000 దగ్గర లోటు బాగా ఎక్కువగా ఉంటే ఓపెన్ డోమ్ కీచుమని కూస్తుంది. అప్పుడు చెవి అచ్చు తీయించి, దానికి గాలి రంధ్రం పెట్టించుకోవాలి.

బెజవాడ బుల్లెట్:
ఇంత పురాణం ఎందుకు బ్రో, ఆన్‌లైన్లో రెండు మూడు వేలకే చెవి మిషన్ వస్తోంది. సౌండ్ పెంచడమేగా అన్నీ చేసేది.

డెసిబెల్:
అది యాంప్లిఫయర్. చెవి మిషన్ కాదు.

బెజవాడ బుల్లెట్:
పేరు ఏదైతేనేం? పెట్టుకుంటే వినపడుతోందిగా.

డెసిబెల్:
గేటు చప్పుడుకీ గుసగుసకీ ఒకే పెంపు. ఆయనకి 500 హెర్ట్జ్‌లో లోటు లేదనుకుందాం, అక్కడా పెంచేస్తుంది. గరిష్ఠ శబ్దానికి సరైన హద్దు పెట్టని సరుకూ దొరుకుతోంది. ఇప్పటికే మోతతో పాడైన చెవికి అదే మళ్ళీ పోస్తున్నట్టు.

ఓపెన్‌డోమ్:
బుల్లెట్ గారి మాటలో ఒక్క నిజం ఉంది. ఖరీదైన మిషన్ కూడా సరిగా అమర్చకపోతే ఆ రెండు వేల సరుకుతో సమానమే. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో 'ఫస్ట్ ఫిట్' (కంపెనీ అంచనాగా వేసే సెట్టింగ్) నొక్కి ఇచ్చేస్తే సాధారణంగా పై ఫ్రీక్వెన్సీలకి పెంపు చాలదు, హోరు ఉండేదేమో అక్కడే. రియల్ ఇయర్ కొలత చేస్తారా అని డబ్బు కట్టకముందే అడగాలి. చెవి గూబ దగ్గరికి సన్నటి సిలికాన్ గొట్టం పెట్టి, మిషన్ నడుస్తుండగా లోపల ఎంత శబ్దం చేరుతోందో కొలుస్తారు. ఎన్‌ఏఎల్-ఎన్‌ఎల్2 లాంటి, ఏ శబ్దాన్ని ఎంత పెంచాలో లెక్కగట్టే సూత్రం చెప్పిన గీతకి సరిపోయిందా లేదా తెరమీద కనపడుతుంది. అమర్చే మనిషికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇంకో సంగతి. హోరున్నవాళ్ళకి నాయిస్ రిడక్షన్, ఎక్స్‌పాన్షన్ రెండూ తగ్గించమనాలి. ఎక్స్‌పాన్షన్ అనేది మెల్లటి శబ్దాల్ని కావాలనే అణిచేస్తుంది, గది నిశ్శబ్దంగా అనిపించడానికి. మామూలువాళ్ళకి అది సుఖం. మీకు కావలసిందేమో ఆ మెల్లటి చప్పుళ్ళే. ఇవి సాధారణంగా మీ ఫోన్ యాప్‌లో ఉండవు, ఆడియాలజిస్టు కంప్యూటర్‌లోనే మారతాయి. యాప్‌తో మీరు ఎంతసేపు తంటాలు పడ్డా వాల్యూమే మారుతుంది.

కృష్ణలంక మామ్మ:
టినిటస్ ఆప్షన్ ఫుల్లు పెట్టడమే మంచిది నాయనా. హోరు అసలు వినపడకుండా కప్పేస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. అదేగా మాస్కింగ్ అంటే.

ఓపెన్‌డోమ్:
కప్పేస్తే ఆ కాసేపు హాయే మామ్మగారూ, కాదనను. కానీ పూర్తిగా కప్పేసిన శబ్దానికి మెదడు అలవాటు పడే అవకాశం ఉండదు, వినపడితేగా అలవాటు పడటానికి. జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త పద్ధతిలో, టినిటస్ ఆప్షన్ ఇచ్చే గాలిలాంటి శబ్దాన్ని హోరుతో కలిసిపోయే మట్టం కంటే కాస్త కిందే పెడతారు. రెండూ వినపడుతుండాలి, హోరు మాత్రం ముందుకి రాకూడదు. ఫుల్లు పెడితే మాట కూడా మునిగిపోతుంది.

కృష్ణలంక మామ్మ:
మరి రాత్రి నిద్ర పట్టనప్పుడో? అప్పుడూ ఈ లెక్కలేనా?

ఓపెన్‌డోమ్:
రాత్రికి మీ మాటే సరి, ఉపశమనమే ముఖ్యం. అలాగని మిషన్ పెట్టుకుని పడుకోనక్కర్లేదు. టేబుల్ ఫ్యానో, తలగడ పక్కన చిన్న స్పీకర్లో వాన చప్పుడో మెల్లగా పెట్టుకుంటే చాలు.

బ్రాడీపేట మాస్టారు:
హోరు కంటే హోరు మీద బెంగే మనిషిని ఎక్కువ తింటుంది. అందుకే ఆ 2014 మార్గదర్శకాలు వినికిడి లోటున్నవాళ్ళకి మిషన్ పరీక్షతో పాటు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని (ఆలోచనల తీరు మార్చే మానసిక చికిత్సని) కూడా సిఫారసు చేశాయి. దాని ఊసు ఇక్కడ ఎవరూ ఎత్తలేదు.

ఆటోనగర్ అబ్బాయి:
ఫైల్లో ఆడియోగ్రామ్ దొరికింది. అంకెలు రాస్తున్నా, డెసిబెల్స్‌లో. కుడి: 500 దగ్గర 20, 1000 దగ్గర 25, 2000 దగ్గర 30, 4000 దగ్గర 55, 8000 దగ్గర 40. ఎడమ: 25, 35, 55, 75, 80. కింద స్పీచ్ స్కోరు అని కుడి 92 శాతం, ఎడమ 44 అని ఉంది. హోరు ఎడమ చెవిలోనే. మిషన్ కూడా దానికే, ఒక్కటే కొన్నాం.

డెసిబెల్:
ఇది మొదటి పోస్టులో ఉండాల్సింది. సెట్టింగులు ఆపండి. ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళండి, ఎంఆర్ఐ గురించి అడగండి.

ఓపెన్‌డోమ్:
డెసిబెల్ గారు ముక్తసరిగా చెప్పినా మాట సరైనదే. అంకె పెరిగేకొద్దీ లోటు ఎక్కువని అర్థం. కుడి చెవి గీత చూడండి, 4000 దగ్గర లోయ, 8000కి మళ్ళీ పైకి. అది గ్రైండర్ మోత గుర్తు. ఎడమది లేవలేదు, 8000కి ఇంకా దిగింది. పక్కపక్కనున్న ఫ్రీక్వెన్సీల్లో రెండు చెవులకీ 15, 20 డెసిబెల్స్ తేడా వస్తేనే కారణం వెతుకుతారు, ఇక్కడ 2000, 4000, 8000 మూడింట్లో 20 నుంచి 40 ఉంది. షెడ్డు మోత మామూలుగా రెండు చెవుల్నీ తింటుంది. పైగా 44 స్కోరు, శబ్దం చాలినంత పెంచి వినిపించినా మాటల్లో సగానికి పైగా పోల్చుకోలేకపోతున్నారని అర్థం. వినికిడి నరం మీద మెల్లగా పెరిగే గడ్డ ఏమైనా ఉందేమో చూడటానికి కాంట్రాస్ట్ ఇచ్చి ఇంటర్నల్ ఆడిటరీ కెనాల్ (ఆ నరం వెళ్ళే ఎముక దారి) ఎంఆర్ఐ చేస్తారు. చాలామందికి ఏమీ ఉండదు, ఉన్నా అది క్యాన్సర్ కాదు. కంగారు పడకండి, అలాగని వదిలెయ్యకండి. ముందు గులిమి ఉందేమో చూపించండి, మధ్య చెవికి ఇంపిడెన్స్ పరీక్ష చేయించండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వాసుపత్రులు రెండిట్లోనూ ఈఎన్‌టీ విభాగం ఉంది. ఎంఆర్ఐ గదిలోకి వెళ్ళేముందు మిషన్ తీసెయ్యాలి, మర్చిపోకండి.

మిషన్ లాభం ఇవ్వకపోవడానికి ఆ 44 కూడా ఒక కారణం కావచ్చు. రిపోర్టు వచ్చాక రెండు చెవులకీ కలిపి మళ్ళీ ఆలోచించాలి.

డెసిబెల్:
ఎడమ చెవి ఉన్నట్టుండి తగ్గిందా, మెల్లగానా? ఈ మధ్యే ఒకటి రెండు రోజుల్లో తగ్గిందంటే ఆలస్యం చెయ్యొద్దు. స్టెరాయిడ్లు మొదటి రెండు వారాల్లో ఇస్తేనే ఎక్కువ గుణం. తల తిరుగుడు ఉందా? గుండె కొట్టుకునే లయలో హోరు వస్తోందా?

ఆటోనగర్ అబ్బాయి:
నడిచేటప్పుడు తూలుతున్నట్టు ఉందని అమ్మ అంటోంది, వయసు వల్లేమో అనుకున్నాం. మిగతావి అడగాలి, నిద్రపోయారు. రేపు పొద్దున్నే సూర్యారావుపేటలో ఈఎన్‌టీకి చూపిస్తాం. థ్యాంక్సండి.

బెజవాడ బుల్లెట్:
ఇంతకీ వీళ్ళ మిషన్లో బ్యాటరీ ఏది? మా ఇంట్లో గోధుమరంగు స్టిక్కర్‌ది రెండు రోజులకే అయిపోతోంది.

డెసిబెల్:
అది 312 సైజు. స్టిక్కర్ పీకగానే లోపల పెట్టేస్తున్నారా? గాలి తగిలేలా రెండు మూడు నిమిషాలు ఆగి పెట్టండి. రాత్రి మిషన్ బ్యాటరీ డోర్ తెరిచి, తేమ పీల్చే సిలికా జెల్ డబ్బాలో ఉంచండి. చెమటకి మైకు దగ్గర తడి చేరుతుంది.

బెజవాడ బుల్లెట్:
డోర్ తెరిచి పెడితే బ్యాటరీ పోదా?