థీసిస్ అధ్యాయాన్ని జర్నల్ పేపర్ చేసి పంపినోళ్లు కాస్త చెప్పండప్పా

ఎండిన_బోరు (అనంతపురం)
నా థీసిస్‌లో మూడో అధ్యాయం 62 పేజీలు. బోరు ఎండిపోయినాక బుడ్డల (వేరుశనగ) రైతు అప్పు యాడ తెస్తాండాడు అనేది విషయం. రాప్తాడు, గార్లదిన్నె, ధర్మవరం, కదిరి పక్క 12 ఊర్లలో 240 ఇండ్లు తిరిగినా. వానలు, పంటల విస్తీర్ణం జిల్లా లెక్కల నుంచి తీసుకున్నా. గైడ్ సార్ "పేపర్ చేసి పంపించు" అన్నారు, అంతే. 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి కాదని యూజీసీ తీసేసింది గానీ, రేపు ఉద్యోగానికి పోతే అడిగేది అదే కదా. ఎన్ని పేజీలు కోయాల? యాడికి పంపాల?

హంద్రీ_గట్టు (కర్నూలు)
కోసేది తర్వాత తమ్ముడూ. యాడికి పంపాలో తేలకుండా కోస్తే రెండుసార్లు కోయాల్సొస్తుంది. నీ రెఫరెన్సుల్లో ఏ జర్నల్ పేరు ఎక్కువసార్లు ఉందో లెక్కబెట్టు, నీ పేపర్ చదివేవాళ్లు అక్కడే ఉంటారు. నీ విషయానికి 1946 నుంచి వస్తున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ అగ్రికల్చరల్ ఎకనామిక్స్ ఒకటి, ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ఒకటి. వీక్లీ స్పెషల్ ఆర్టికల్‌కు 8,000 పదాల హద్దు ఉంది. నోట్సు, రెఫరెన్సులు అన్నీ అందులోకే వస్తాయి. ఒకేసారి రెండు చోట్లకు మాత్రం పంపొద్దు. తెలిస్తే రెండూ పోతాయి.

సీమ_పంతులమ్మ (నంద్యాల)
"మూడు రోజుల్లో ప్రచురణ" అని వాట్సాప్‌లో వచ్చేవాటికి దూరం. 3,500 కట్టి మునిగినదాన్ని చెప్తున్నా. ఇంటర్వ్యూలో ఆ జర్నల్ పేరు చూసి ఒకాయన నవ్వినాడు, ఇంకేమీ అడగలేదు. యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ల కేర్ జాబితా కూడా 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు కాబట్టి ఇప్పుడు మంచిచెడ్డలు మనమే చూసుకోవాల. ఎడిటోరియల్ బోర్డులో ఉన్నవాళ్లు తమ సొంత పేజీలో ఆ జర్నల్ పేరు రాసుకున్నారా లేదా చూడు. నేను చేసే పరీక్ష అదొక్కటే.

పెన్నా_రిఫరీ (కడప)
నేను అప్పుడప్పుడు రిఫరీగా, అంటే జర్నల్‌కు వచ్చిన పేపర్లను పరిశీలించేవాడిగా, చదువుతుంటాను. వచ్చేవాటిలో చాలా భాగం "భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం" అనే మొదలవుతాయి. అక్కడే నాకు కళ్లు మూతపడతాయి. మొదటి పేజీలో నీ ప్రశ్న ఏమిటి, ఏ డేటా, ఏం తేలింది, ఎందుకు నమ్మాలి అనేవి వచ్చేయాలి. సాహిత్య సమీక్ష (ఈ విషయంపై ఇంతకుముందు ఎవరేం రాశారనేది) నీ గైడ్ కోసం రాసింది, నాకొద్దు. 62లో 20 పేజీలు దాంతోనే పోతాయి.

మొదలుపెట్టడానికి నీ దగ్గర బలమైన అంకె ఉంది. ఎన్‌ఎస్‌ఎస్ 77వ రౌండ్ (2019లో జరిగిన కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబం సగటు అప్పు 2,45,554 రూపాయలు, దేశ సగటు 74,121. కానీ ఆ అంకె వేసి "రైతు కష్టాల్లో ఉన్నాడు" అని రాసేస్తే ఒప్పుకోను. అప్పు ఎక్కువుంటే కష్టం ఎక్కువనా, బ్యాంకు ఇవ్వడం ఎక్కువనా? ఆ రెండింటినీ విడదీసి చూపగలిగితే అదే నీ పేపరు. మిగతాది ఇంకో పేపరు.

ఇంకోటి. 240 ఇండ్లు అంటున్నావు. వాన ఊరంతటికీ ఒకటే పడుతుంది, భూగర్భజలం ఊరంతటికీ ఒకటే దిగుతుంది. కాబట్టి ఆ విషయంలో నీ దగ్గర ఉన్నవి 12 ఊర్లే. స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకెలు) ఊరి వారీగా క్లస్టర్ చెయ్యి, అంటే ఒక ఊరి ఇండ్లను ఒక గుంపుగా లెక్కగట్టు. 12 తక్కువ కాబట్టి, గుంపులు తక్కువున్నప్పుడు వాడే వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్ కూడా వేసి చూపించు. నేను అడగకపోతే రెండో రిఫరీ అడుగుతాడు.

ఎండిన_బోరు
సార్, బూట్‌స్ట్రాప్ వేస్తే రెండు నక్షత్రాలు (ఫలితం కాకతాళీయం కాదని పట్టికలో పెట్టే గుర్తులు) పోతాయేమో.

పెన్నా_రిఫరీ
పోనీ. అమెరికన్ ఎకనామిక్ రివ్యూ అయితే అసలు నక్షత్రాలే పెట్టొద్దంటుంది, స్టాండర్డ్ ఎర్రర్ బ్రాకెట్లో ఇస్తే చాలంటుంది.

హంద్రీ_గట్టు
జిల్లా లెక్కలు అన్నావు, ఏ సంవత్సరాలు?

ఎండిన_బోరు
2012 నుంచి 2023 దాకా అన్నా.

హంద్రీ_గట్టు
అయితే జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినాయి. అంతకుముందు అనంతపురం అంటే 63 మండలాలు, తర్వాత 31. నీ ధర్మవరం, కదిరి సత్యసాయి జిల్లాలోకి పోయినాయి. నేను ఇట్లాగే కర్నూలు లెక్కలు పట్టుకుని 2022లో విస్తీర్ణం ఢమాల్న పడిపోయిందని, కరువు ప్రభావమని రెండు పేజీలు రాసినా. కరువూ లేదు పాడూ లేదు, నంద్యాల పక్కకు జరిగింది! సెమినార్‌లో ఒక ఎం.ఏ. పిల్లోడు పట్టుకున్నాడు. మండల లెక్కలు తెచ్చి పాత జిల్లా హద్దులకు కలిపి కూడు. పేర్లతో కలపొద్దు, ఎల్‌జీడీ కోడ్లతో (ప్రతి మండలానికి ప్రభుత్వం ఇచ్చిన నంబర్లు) కలుపు. కడప ఒక ఫైల్లో కడప, ఇంకో ఫైల్లో వైఎస్సార్, పాత ఫైళ్లలో ఇంగ్లిష్ స్పెల్లింగే వేరు.

ఎండిన_బోరు
నాకూ అదే పడింది అన్నా! సగం పడిపోయినట్టు గ్రాఫ్ వచ్చింటే సంబరపడినా.

సీమ_పంతులమ్మ
పేరు దాచి పంపాల్సిన జర్నల్ అయితే ఫైల్ ప్రాపర్టీస్‌లో కూడా చూడు. నేను మొదటి పేజీలో పేరు తీసేసి, లోపల మాత్రం "మా గత సర్వేలో తేలినట్టు" అని రాసి నా పేపర్‌నే ఉటంకించినా. ఇంక దాచిందేముంది! అన్నిచోట్లా ఈ పద్ధతి లేదు, అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ జర్నళ్లు 2011లోనే మానేసినాయి. సూచనల పేజీ చివరిదాకా చదువు. అబ్‌స్ట్రాక్ట్ 100 పదాలు అంటే 100 పదాలే. జెఈఎల్ కోడ్లు (ఆర్థికశాస్త్రంలో ఏ విషయమో చెప్పే సంకేతాలు) అడిగితే వ్యవసాయ రుణానికి క్యూ14.

ఎండిన_బోరు (ఐదు వారాల తర్వాత)
పాత హద్దులతో మళ్లీ లెక్కగట్టినా. ఒక నక్షత్రమే పోయింది. 7,640 పదాలకు దించి నిన్న రాత్రి పంపించినా. చివర్లో ముగ్గురు రివ్యూయర్ల పేర్లు సూచించమంటే మొదట గైడ్ సార్ పేరు ఇచ్చినా.

పెన్నా_రిఫరీ
సబ్మిట్ నొక్కలేదు కదా?

ఎండిన_బోరు
నొక్కినా సార్.

పెన్నా_రిఫరీ
ఇప్పుడే ఎడిటర్‌కు రెండు లైన్ల మెయిల్ పెట్టు. ఆయన నా గైడ్, పొరపాటున ఇచ్చాను, ఆ పేరు పక్కన పెట్టండి అని.