జీ-బ్యాండింగ్ నార్మల్ వచ్చింది, కానీ ఐపీఎస్ కణాలు మరీ వేగంగా పెరుగుతున్నాయి

హెబ్బాళ_బెంచ్:
ఆడ దాత నుంచి చేసిన ఐపీఎస్ (ఏ కణంగానైనా మారగల మూలకణాల) లైను, పాసేజ్ 42 (అంటే 42సార్లు కొత్త ప్లేట్లకు మార్చినది). మొదట్లో 1:6 స్ప్లిట్ చేస్తే (ఒక ప్లేటు కణాల్ని ఆరింటికి పంచితే) నాలుగో రోజుకు నిండేది, ఇప్పుడు 1:12 చేసినా అంతే. అక్యుటేస్ ఎంజైమ్‌తో ఒంటరి కణాలుగా విడదీసినా చచ్చేవి తక్కువ. న్యూరల్ ఇండక్షన్‌లో (నాడీ కణాలుగా మార్చేటప్పుడు) మాత్రం ఆ కణాల గుర్తు పాక్స్6 బాగా పడిపోయింది. జీ-బ్యాండింగ్‌లో (క్రోమోజోములకు రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం) 20 మెటాఫేజ్‌లు (విభజన దశలోని కణాలు) చూస్తే 46,ఎక్స్ఎక్స్, అంటే నార్మల్. ఇంకేం చూడాలి? బెంగళూరులోనే అయిపోతే మేలు.

క్రోమోజోమ్_గారు:
ముందు అనుమానించాల్సింది 20క్యూ11.21 డూప్లికేషన్ (20వ క్రోమోజోమ్ పొడవు చేతిలో ఒక ముక్క అదనంగా చేరడం). జీ-బ్యాండింగ్‌కు 5-10 మెగాబేస్‌ల కన్నా చిన్న మార్పు ఆనదు, ఈ ముక్క చాలాసార్లు అంతకన్నా చిన్నది. అందులోని బీసీఎల్2ఎల్1 జీన్ వల్ల, విడదీసినప్పుడు చావాల్సిన కణం బతికిపోతుంది. ఇక ప్రతి పాసేజ్‌లోనూ దానిదే పైచేయి. న్యూరల్ దిగుబడి తగ్గడం కూడా దీని లక్షణమే.

బయటికి పంపక్కర్లేదు. జినోమిక్ డీఎన్ఏ మీద క్యూపీసీఆర్ (సైకిల్ సైకిల్‌కూ డీఎన్ఏను రెట్టింపు చేస్తూ కొలిచే పరీక్ష) చేయండి: బీసీఎల్2ఎల్1కు ఒక ప్రైమర్ జత, మార్పులు అరుదైన క్రోమోజోమ్ మీద ఇంకో జత, పోలికకు అదే లైను తొలి పాసేజ్. రెండు బదులు మూడు కాపీలుంటే తేడా 0.58 సైకిల్ మాత్రమే. ట్రిప్లికేట్ల (ఒకే శాంపిల్ మూడు బావుల) మధ్యే 0.3 చెదిరితే ఆ ప్లేటు లెక్కలోకి తీసుకోవద్దు. 20 శాతం కణాల్లోనే మార్పుంటే నిష్పత్తి 1.1, అది క్యూపీసీఆర్‌కు చిక్కదు. డిజిటల్ పీసీఆర్ గానీ ఫిష్ (జీన్ కాపీలను మెరిసే చుక్కలుగా చూపే పరీక్ష) గానీ కావాలి. ఫిష్‌లో పక్కపక్కన ఉన్న కాపీలు ఒకే చుక్కలా కనిపించి మోసం చేస్తాయి, జాగ్రత్త.

మిథైల్_మామ:
ఆడ లైను కాబట్టి ఎగ్జిస్ట్ (రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాన్ని మూసి ఉంచే ఆర్ఎన్ఏ) సంగతీ చూడండి. పాసేజ్‌లు పెరిగేకొద్దీ ఎగ్జిస్ట్ ఆర్ఎన్ఏ ఆగిపోయి, మూతపడిన ఎక్స్ మీది కొన్ని జీన్లు తెరుచుకుంటాయి. కారియోటైప్‌లో (జీ-బ్యాండింగ్ ఇచ్చే క్రోమోజోముల పటంలో) ఇది కనిపించే ప్రశ్నే లేదు. ఆర్ఎన్ఏను కొలిచే ఆర్టీ-క్యూపీసీఆర్ చాలు. డిఫరెన్షియేట్ చేసినా పోయిన ఎగ్జిస్ట్ తిరిగి రాదు. ఎక్స్-లింక్డ్ జబ్బు మోడల్ అయితే మరీ ప్రమాదం: క్యారియర్ లైనులో మూతపడి ఉన్న మంచి కాపీ తెరుచుకుని జబ్బు లక్షణమే మాయమవుతుంది.

హెబ్బాళ_బెంచ్:
డూప్లికేషన్ తేలితే, సబ్‌క్లోన్ చేసి (ఒక్కో కణం నుంచి విడి కాలనీ పెంచి) మంచివి ఏరుకోవచ్చా అండీ?

క్రోమోజోమ్_గారు:
వద్దండీ. సబ్‌క్లోనింగ్ అంటే మళ్ళీ ఒంటరి కణాలే, గెలిచేది డూప్లికేషన్ ఉన్నదే. ఫ్రీజ్ చేసిన తొలి పాసేజ్ వయల్ తీయండి. పాసేజ్ చేసేటప్పుడు అక్యుటేస్ బదులు 0.5 మిల్లీమోలార్ ఈడీటీఏ 3-5 నిమిషాలు, కాలనీలో సందులు కనిపించగానే తీసేసి గుత్తులుగానే వేయండి. ఎక్కువసార్లు పిపెట్ చేస్తే అక్యుటేస్ మానేసిన ఫలితం దక్కదు. వై-27632 (విడదీసిన కణాలు చావకుండా కాపాడే మందు) 10 మైక్రోమోలార్, తొలి 24 గంటలే. నిండిన ప్లేటును ఆదివారం ఫీడింగ్ లేకుండా వదిలేయొద్దు, మీడియం పసుపెక్కే ఆ ఆమ్లానికి డీఎన్ఏ దెబ్బతింటుంది.

ఎస్ఎన్‌పీ అర్రేకు (జినోమ్ అంతటా కాపీల తేడాలు పట్టే చిప్ పరీక్ష) డీఎన్ఏ ట్యూబు పంపితే చాలు, బతికున్న ఫ్లాస్కు ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఉడకక్కర్లేదు. అయినా జీ-బ్యాండింగ్ మానొద్దు, బ్యాలెన్స్‌డ్ ట్రాన్స్‌లొకేషన్ (ఏదీ తగ్గకుండా, పెరగకుండా క్రోమోజోమ్ ముక్కలు చోటు మారడం) అర్రేకు దొరకదు.