బోరు వేయొద్దని ఆర్డినెన్స్ తెస్తే నేల శుభ్రమైనట్టేనా?

ఇర్వింగ్ బాబాయ్:
డాలస్‌లో నలుగురం కలిసి ఒక పాత స్ట్రిప్ మాల్ కొందామని చూస్తున్నాం. చివరి షాపులో 80లలో డ్రై క్లీనింగ్ నడిచిందట. బ్యాంకువాళ్ళు పట్టుబడితే బోర్లు వేయించి చూశాం. నేలలోని నీళ్ళలో పర్క్, అదే డ్రై క్లీనింగ్‌లో బట్టలు ఉతికే పెర్‌క్లోరోఇథిలీన్ అనే రసాయనం, లీటరుకి 140 మైక్రోగ్రాములు తేలింది. తాగేనీటికి హద్దు 5. అమ్మేవాళ్ళ కన్సల్టెంటు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని “శుభ్రం చేయక్కర్లేదు, ఎంఎస్‌డీ (మునిసిపల్ సెట్టింగ్ డిజిగ్నేషన్) తీసుకుందాం” అంటున్నాడు. 2003లో వచ్చిన టెక్సస్ చట్టం అది. ఆ జాగా కింది నీళ్ళు ఎవరూ తాగడానికి తోడకూడదని సిటీ ఆర్డినెన్స్ చేస్తుంది, రాష్ట్ర పర్యావరణ శాఖ టీసీఈక్యూ సర్టిఫికెట్ ఇస్తుంది. పర్క్ ఎక్కడిది అక్కడే ఉంటుంది. ఇదెక్కడి న్యాయం? మీరైతే కొంటారా?

లెక్కలమాస్టారు:
న్యాయమే బాబాయ్. డాలస్ తాగేది రే హబ్బర్డ్, లూయిస్‌విల్, టవాకొనీ చెరువుల నీళ్ళు. మాల్ కింద జిగట మట్టిలో ఊరే ఆ కాసిని నీళ్ళకోసం బోరు వేసేదెవరు? అమెరికాలో ఇలా నేలకింది నీళ్ళు పాడై ఇంకా శుభ్రం కాని జాగాలు కనీసం 1,26,000 అని, వాటికి 11,000 నుంచి 12,700 కోట్ల డాలర్లు కావాలని 2013లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిలే చెప్పింది. ఎవరూ తాగని నీళ్ళను 5కి దించడానికి అంత పోసే బదులు, జనం తాగే చోట ఖర్చుపెట్టమనండి.

మట్టిమనిషి:
ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త పెద్దగా రాస్తా. మాస్టారూ, మీ లెక్క నీళ్ళ వరకు సరే. గాలి సంగతేంటి?

పర్క్ నీటికన్నా 1.6 రెట్లు బరువు. పాత మెషిన్లలో బట్టల నుంచి వచ్చిన పర్క్‌నీ నీళ్ళనీ సెపరేటర్ విడదీసేది. ఆ నీళ్ళను ఫ్లోర్ డ్రెయిన్‌లో వదిలేసేవాళ్ళు. అందులో మిగిలిన పర్క్ మురుగు పైపు అతుకుల్లోంచి కారి, నీటిమట్టాన్ని దాటి ఇంకా కిందికి దిగేది. మెషిన్ దగ్గర ఒలికింది కాంక్రీటులోంచే ఇంకేది. ఒక్క లీటరు పర్క్ 32 కోట్ల లీటర్ల నీళ్ళను ఆ 5 హద్దుకి తేవడానికి చాలు, లెక్కేసి చూసుకోండి. ఇదంతా మళ్ళీ ఆవిరై పైకొస్తుంది. శ్లాబు, అంటే షాపు నేలకు పోసిన కాంక్రీటు, పగుళ్ళలోంచి, పైపుల పక్క సందుల్లోంచి గదిలోకి చేరుతుంది. ఆర్డినెన్స్ కాగితం ఆవిరిని ఆపదు.

బాబాయ్, పక్క షాపులో ఎవరున్నారు? పిల్లలుంటే ముందు అక్కడ శ్లాబు కింది గాలి పట్టించండి. నేలకు బొటనవేలంత బెజ్జం కొట్టి, ఇత్తడి పిన్ను బిగించి, ఆరు లీటర్ల స్టీలు డబ్బాలోకి గాలి లాగుతారు. చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చేస్తేనే నమ్మాలి.

ఇక పూర్తిగా శుభ్రం చేయాలనే వాళ్ళకి కూడా ఒక మాట. నేలలోకి సోయా నూనె ఎక్కించి డీహాలోకోకాయిడిస్ అనే బాక్టీరియాను వదిలితే అది పర్క్‌లోని క్లోరిన్‌ను ఒక్కొక్కటిగా ఊడపీకుతుంది. కానీ పని మధ్యలో ఆగితే మిగిలేది వినైల్ క్లోరైడ్. దాని హద్దు 2 మైక్రోగ్రాములే. పర్క్ క్యాన్సర్ తెచ్చే అవకాశముందంటారు, ఇది తెస్తుందని ఖాయంగా తేల్చేశారు. పర్మాంగనేట్ అనే రసాయనం ఎక్కిస్తే నీళ్ళు వంకాయ రంగులోకి తిరిగి కొన్నాళ్ళు అంకెలు పడిపోతాయి. తర్వాత బంకమట్టిలో దాక్కున్న పర్క్ మెల్లగా ఊరి మళ్ళీ పెరుగుతుంది. నా ఓటు: మెషిన్ ఉన్నచోట మట్టి తవ్వి తీసేయండి, శ్లాబు కింద పైపు వేసి, ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్ కప్పు మీద పెట్టండి, మిగిలినదానికి ఎంఎస్‌డీ తీసుకోండి. వట్టి ఎంఎస్‌డీ అయితే నేను కొనను.

బే ఏరియా అక్క:
మీకు చెరువులున్నాయి కాబట్టి ఈ మాటలు. కాలిఫోర్నియాలో లోడై ఊరు 2012 దాకా బావుల మీదే బతికింది. అక్కడ డౌన్‌టౌన్ కిందికే పర్క్ చేరింది. పర్క్ నేలలోకి దిగే పెద్ద దారి మురుగు పైపులేనని సెంట్రల్ వ్యాలీ నీటి బోర్డు 1992లోనే రాసింది. అప్పటి డ్రై క్లీనర్లు నియమాల ప్రకారమే వదిలారు మరి! ఎక్కువమంది కొరియా నుంచి వచ్చి రాత్రింబవళ్ళు కష్టపడిన కుటుంబాలు. ఇప్పుడు వాళ్ళ ఇల్లమ్మి కట్టమనడం నాకు నచ్చదు. పర్క్ అమ్మిన కంపెనీలు ఎక్కడ?

లెక్కలమాస్టారు:
అక్కా, చట్టం ఆ జాలి చూపదు. విషం చేరిన జాగాల శుభ్రతకు తెచ్చిన 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టంలో ఇవాళ్టి ఓనర్ కూడా బాధ్యుడే, ఒలికించింది ఎవరైనా సరే. గాలి సంగతి మట్టిమనిషి చెప్పింది ఒప్పుకుంటా. తవ్వకానికి మాత్రం ఒప్పుకోను. ఫ్యాన్ చాలు.

పటాన్‌చెరు పిల్లోడు:
ఆర్డినెన్సూ ఫ్యాన్లూ అని కొట్టుకుంటున్నారు, అదృష్టవంతులు. మా వైపు మందుల ఫ్యాక్టరీల నీళ్ళు నక్కవాగులో కలిసి బోర్లు పాడైతే జనం దశాబ్దాలపాటు కోర్టుల చుట్టూ తిరిగారు.

మట్టిమనిషి:
తమ్ముడూ, నిజమే. టెక్సస్‌లో 2003 నుంచి డ్రై క్లీనర్ల ఫీజులతో నడిచే శుభ్రత నిధి ఉంది. బాబాయ్, ఆ జాగా ఆ లిస్టులో ఉందేమో టీసీఈక్యూలో అడగండి. లేకపోతే కొనకముందే వాలంటరీ క్లీనప్ ప్రోగ్రాంలో దరఖాస్తు పెట్టండి. కొన్నాక పెడితే మీకు అదే రక్షణ రాదు, మీరూ బాధ్యుల లెక్కలోకి వస్తారు.

ఇర్వింగ్ బాబాయ్:
పక్కన ఉన్నది ట్యూషన్ సెంటరే. శ్లాబు కింది గాలి రిపోర్టు రెండుసార్లు వచ్చేదాకా క్లోజింగ్ లేదని, ఖర్చు వాళ్ళదేనని అమ్మేవాళ్ళకి మెయిల్ కొట్టాం. మట్టి తవ్వకం మీద మా నలుగురిలోనే రెండు రెండుగా చీలాం. ఫ్యాన్ కరెంటు బిల్లు ఎవరిదో కూడా తేలలేదు.

బే ఏరియా అక్క:
క్యామ్ (ఉమ్మడి నిర్వహణ) చార్జీల్లో కలిపి ఆ ట్యూషన్ ఆవిడ నెత్తిన రుద్దకండి బాబాయ్. లీజులో ఇప్పుడే రాయించండి.