పక్కవాళ్ళ డిష్ నుంచి మన ఫ్లాట్‌కి కేబుల్ లాక్కోవచ్చా?

ఎడిసన్, న్యూజెర్సీ (కొత్తగా వచ్చినవారు):

అందరికీ నమస్కారం. ఈ మధ్యే హైదరాబాద్ నుంచి వచ్చాం. మా ఆవిడ డెలివరీ టైమ్‌కి మా అత్తగారు, మామగారు ఇక్కడికి వస్తున్నారు. మామగారికి పొద్దున్నే కాఫీతో పాటు వార్తలు కావాలి, అత్తగారికి సీరియళ్ళు కావాలి. కారు నడపడం రాదు, బయట చలి. టీవీ కూడా లేకపోతే అన్ని నెలలు ఎలా గడుపుతారని మాకు టెన్షన్.

మా ఎదురు ఫ్లాట్‌లో విజయవాడ వాళ్ళున్నారు. చాలా మంచివాళ్ళు. వాళ్ళ బాల్కనీలో డిష్ ఉంది, తెలుగు ప్యాక్ తీసుకున్నారు. "నా పేరు మీదే ఇంకో బాక్స్ తెప్పిస్తాను, మీ ఇంటికి కేబుల్ లాగుదాం, బిల్లు సగం సగం వేసుకుందాం" అంటున్నారు. లీజింగ్ ఆఫీసులో అడిగితే ఈ కాంప్లెక్స్‌లో అసలు డిష్‌లే పెట్టకూడదని చెప్పారు. మరి ఆయన ఎలా పెట్టుకున్నట్టు? మేము ఒప్పుకుంటే తర్వాత ఏమైనా ఇబ్బంది వస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎడిసన్, న్యూజెర్సీ (ఇక్కడి పాతకాపు):

తమ్ముడూ, మీ ఎదురింటాయన మంచి మనసుతోనే అన్నాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆయన మాటలో రెండు విషయాలు కలిసిపోయాయి. డిష్ పంచుకోవడం ఒకటి, అకౌంట్ పంచుకోవడం ఇంకొకటి. డిష్ అంటే ఇనుప పళ్ళెం, దాని ముందు సిగ్నల్‌ని అందుకుని కేబుల్‌లోకి పంపే చిన్న పరికరం, దాన్ని ఎల్ఎన్‌బీ అంటారు. ఒకే డిష్ నుంచి రెండిళ్ళకు రెండు కేబుళ్ళు తీసి, ఎవరి బాక్స్ వాళ్ళు, ఎవరి బిల్లు వాళ్ళు పెట్టుకుంటే కంపెనీకి రావలసిన డబ్బు కంపెనీకి వస్తుంది. అలా చేద్దామన్నా ముందు కంపెనీని అడిగి వాళ్ళ మనిషి చేతే పెట్టించుకోండి.

ఆయన చెప్పేది మాత్రం ఒకే అకౌంట్‌లో రెండిళ్ళు. ఇక్కడి శాటిలైట్ కంపెనీల ఒప్పందంలో బాక్సులన్నీ ఒకే ఇంట్లో, అకౌంట్‌లో రాసిన అడ్రస్‌లోనే ఉండాలని ఉంటుంది. ఫ్లాట్ నంబర్ మారితే అడ్రస్ మారినట్టే. ఇలా ఒక అకౌంట్ మీద బయటి ఇళ్ళ బాక్సులు పేర్చడం పాత అలవాటే, అందుకే ఒకప్పుడు ప్రతి బాక్స్‌నీ ఆ ఇంటి ఫోన్ లైనుకు తగిలించమనేవాళ్ళు. ఇప్పుడు ఇంటర్నెట్ ద్వారా చూసుకుంటారు. పట్టుబడితే అదనపు డబ్బు కట్టమన్నా, సర్వీసు ఆపేసినా దెబ్బ పడేది ఎవరి పేరు మీద అకౌంట్ ఉందో వాళ్ళ మీదే. మీ అత్తగారి సీరియల్ కోసం ఆయన కస్టమర్ కేర్‌తో గంటలు గంటలు మాట్లాడాల్సి వస్తుంది. తర్వాత కారిడార్‌లో ఎదురుపడితే ముఖాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి.

ఒక అపోహ కూడా చూశాను. "డబ్బు కడుతున్నాం కదా, దొంగతనమెందుకవుతుంది" అంటారు. శాటిలైట్ ప్రసారాన్ని అనుమతి లేకుండా అందుకోవడం మీద ఇక్కడ ఫెడరల్ చట్టమే ఉంది. మీ మీద కేసు పెడతారని భయపెట్టడం లేదు. వీసా మీద ఉన్నవాళ్ళకు ఇంత చిన్న విషయంలో ఆ తలనొప్పి ఎందుకని అంటున్నాను, అంతే.

ప్లేనో, టెక్సాస్:

వైరింగ్ సంగతి నేను చెప్తాను. చాలామంది వాల్‌మార్ట్‌లో చిన్న స్ప్లిటర్ కొని, ఒక కేబుల్‌ని రెండుగా చీల్చి, "నాకు సగం ఛానళ్ళే వస్తున్నాయి, మీకు?" అని ఫోన్లు చేస్తుంటారు. కారణం ఇది. డిష్ మీదికి ఒకే ఉపగ్రహం నుంచి రెండు రకాల తరంగాలు వస్తాయి, ఒకటి కుడికి తిరిగేది, ఒకటి ఎడమకి తిరిగేది. కొన్ని ఛానళ్ళు ఒకదాంట్లో, కొన్ని రెండోదాంట్లో. పాత పద్ధతిలో మన బాక్స్ అదే కేబుల్ గుండా పైకి 13 వోల్టులు పంపితే ఎల్ఎన్‌బీ ఒక రకం ఇస్తుంది, 18 పంపితే రెండో రకం ఇస్తుంది. ఒకే తీగ మీద రెండు బాక్సులుంటే వార్తల కోసం మామగారు ఒకటి అడుగుతారు, సీరియల్ కోసం ఎదురింటావిడ ఇంకొకటి అడుగుతుంది, ఎల్ఎన్‌బీ ఎవరో ఒకరి మాటే వింటుంది. రెండో టీవీ నల్లబడుతుంది. అందుకే రెండు, నాలుగు అవుట్‌పుట్లున్న ఎల్ఎన్‌బీ, లేదా మధ్యలో స్విచ్ కావాలి. ఒక్కో బాక్స్‌కి విడిగా కేబుల్ (ఆర్‌జీ-6 అనే రకం టీవీ తీగ) రావాలి. కొత్త ఎల్ఎన్‌బీలు రెండు రకాల్నీ ఒకే కేబుల్‌లో పైనొకటి కిందొకటి పేర్చి పంపుతాయి. వాటికీ మామూలు స్ప్లిటర్ పనికిరాదు, ఆ కంపెనీ సామానే వాడాలి.

ఇంకో మాట. డిష్ కనిపించగానే అన్నీ ఒకటే అనుకోవద్దు. డైరెక్ట్ టీవీ అనే కంపెనీ పళ్ళెం చూసేది 99, 101, 103 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల మీద ఉన్న ఉపగ్రహాల వైపు. డిష్ నెట్‌వర్క్ అనే ఇంకో కంపెనీకి ఉపగ్రహాల వరుస ఒకటి 110, 119, 129 మీద, ఇంకొకటి 61.5, 72.7 మీద. పొరుగువాళ్ళది వేరే కంపెనీ అయితే వాళ్ళ పళ్ళెంతో మీకు పని లేదు. ఒకే కంపెనీ అయినా, వాళ్ళు ఇంగ్లీషు ప్యాక్ మాత్రమే చూస్తుంటే వాళ్ళ డిష్ తెలుగు ఛానళ్ళున్న ఉపగ్రహం వైపు తిప్పి ఉండకపోవచ్చు.

నేపర్‌విల్, ఇల్లినాయ్:

లీజింగ్ ఆఫీసు వాళ్ళ మాట పూర్తిగా నిజం కాదు. ఎఫ్‌సీసీ (టీవీ, ఫోన్ లాంటి వాటిని చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ) నియమం ఒకటి 1996 నుంచి ఉంది, 1999 జనవరి నుంచి అద్దె ఇళ్ళకీ వర్తిస్తోంది. మీటరు, అంతకంటే తక్కువ వ్యాసం ఉన్న డిష్‌ని మీరు ఒక్కరే వాడుకునే బాల్కనీలోనో పాటియోలోనో పెట్టుకుంటే ఓనరు అసలే వద్దనడానికి వీల్లేదు. మీ ఎదురింటాయన అందుకే పెట్టుకోగలిగాడు. అయితే డిష్ రెయిలింగ్ దాటి బయటికి పొడుచుకు రాకూడదు. గోడకు రంధ్రాలు చేయొద్దని వాళ్ళు అనొచ్చు, భద్రత కోసం షరతులు పెట్టొచ్చు. కాంప్లెక్స్ మొత్తానికి ఒక ఉమ్మడి డిష్ పెట్టి, అదే ఛానళ్ళు, అంతే నాణ్యతతో, మీకు అదనపు ఖర్చు పడకుండా ఇస్తుంటే విడి డిష్ వద్దని కూడా అనొచ్చు.

మీ విషయంలో చిక్కు వేరే చోట ఉంది. ఈ హక్కు ఎవరి బాల్కనీ అయితే వాళ్ళది. కప్పు, బయటి గోడ, కారిడార్, లాన్ అందరివీ కాబట్టి అక్కడ ఈ నియమం పనిచేయదు. ఎదురు ఫ్లాట్ నుంచి మీ ఫ్లాట్‌కి కేబుల్ రావాలంటే కారిడార్ దాటాలి, లేదా బిల్డింగ్ చుట్టూ గోడ వెంట తిరిగి రావాలి. ఆ గోడ మీ ఇద్దరిలో ఎవరిదీ కాదు. మెయింటెనెన్స్ వాళ్ళు ఒకరోజు కత్తిరించి పారేస్తే అడిగే హక్కు మీకూ లేదు, ఆయనకీ లేదు.

ఎడిసన్ (కొత్తగా వచ్చినవారు):

చాలా థాంక్స్ అండీ. అయితే మా బాల్కనీలోనే పెట్టుకుంటాం. మాది పార్కింగ్ వైపు ఉంటుంది, ఉత్తరం దిక్కు. పనవుతుందా?

ప్లేనో, టెక్సాస్:

కాదండీ. ఈ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు పైన, దాదాపు 35,800 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. అమెరికాలో ఎక్కడున్నా అవి దక్షిణం వైపే. మీ ఊరి నుంచి చూస్తే 119 డిగ్రీల మీద ఉన్న ఉపగ్రహం నైరుతి దిక్కున, నేలకు సుమారు 25 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఎదురుగా మూడంతస్తుల బిల్డింగ్ ఉంటే అంతే సంగతులు. 61.5 కాస్త నయం, దక్షిణానికి కొంచెం తూర్పుగా 41 డిగ్రీల దాకా ఉంటుంది. ఉత్తరం బాల్కనీకి రెండూ అందవు.

ఎదురింటాయన డిష్ ముందు చెట్లుంటే అదీ చూసుకోమనండి. చలికాలంలో ఆకులు రాలి ఉన్నప్పుడు పెట్టిన డిష్ బాగానే పనిచేస్తుంది. మే నెలలో చిగుళ్ళు వచ్చాక బొమ్మ ముక్కలు ముక్కలవుతుంది, అప్పుడు అందరూ బాక్స్ పాడైందనుకుంటారు.

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా:

నేను ఆడవాళ్ళ వైపు నుంచి చెప్తాను. డిష్ గొడవంతా పక్కన పెట్టి లెక్క చూసుకోండి. పెద్దవాళ్ళు విజిటర్ వీసా మీద వస్తే ఎయిర్‌పోర్టులో మామూలుగా ఇచ్చేది 6 నెలలు. శాటిలైట్ ప్యాకేజీలు కొన్ని రెండేళ్ళ కాంట్రాక్ట్ మీద ఇస్తారు, మధ్యలో మానేస్తే మిగిలిన నెలలకు ఫీజు వేస్తారు. అత్తగారు, మామగారు వెళ్ళిపోయాక మీరిద్దరూ కూర్చుని సీరియళ్ళు చూస్తారా? బిడ్డ పుట్టాక నిద్రపోవడానికే టైమ్ ఉండదు.

మామగారి వార్తలకు రూపాయి ఖర్చు లేదు. టీవీ9, ఎన్‌టీవీ, టీవీ5, ఏబీఎన్ అన్నీ యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి. సీరియళ్ళకు డబ్బు కట్టి ఇంటర్నెట్‌లో చూసే స్లింగ్, యప్ టీవీ లాంటి యాప్‌లు ఉన్నాయి. తెలుగు ప్యాక్‌లో మీ అత్తగారు చూసే ఛానల్ ఉందో లేదో ముందు చూసుకోండి, అన్నిట్లో అన్నీ ఉండవు. నెలనెలా కట్టి, వాళ్ళు వెళ్ళగానే ఆపేసే ప్లానే తీసుకోండి. ఏడాది ప్లాన్ చవక అని ఆశపడొద్దు.

అసలు కష్టం రిమోట్‌తో వస్తుంది. పెద్దవాళ్ళకు ఛానల్ నంబరు నొక్కడం అలవాటు, యాప్‌లో కిందికీ పైకీ జరపడం చిరాకు. మీరు ఆఫీసుకెళ్ళాక ఏదో నొక్కి ఇంగ్లీషు మెనూలో ఇరుక్కుని మీకు ఫోన్ చేస్తారు. అందుకే ఫైర్ స్టిక్ (టీవీకి తగిలిస్తే యాప్‌లు నడిపే చిన్న పుల్ల) కొని, దాని రిమోట్‌లో మాటతో వెతికే బటన్ చూపించండి, వాళ్ళకు కావలసిన రెండు యాప్‌లు ముందు వరసలో పెట్టి అక్కర్లేనివి తీసేయండి. వాళ్ళు దిగిన మొదటి వారంలోనే రోజూ వాళ్ళ చేతే పెట్టించండి. మామగారు నేర్చుకోకపోయినా అత్తగారు నేర్చుకుంటారు, సీరియల్ కోసం తప్పకుండా నేర్చుకుంటారు.

ఎడిసన్ (కొత్తగా వచ్చినవారు):

ఇది బాగుందండీ. కానీ ఎదురింటాయనకు ఏం చెప్పాలి? ప్రేమగా అడిగారు, వద్దంటే బాధపడతారేమో.

ఎడిసన్ (ఇక్కడి పాతకాపు):

నిజమే చెప్పండి. "అన్నా, ఆఫీసు వాళ్ళు కారిడార్‌లో కేబుల్ ఒప్పుకోరట, ఆరు నెలల కోసం మీ అకౌంట్‌కి ఇబ్బంది తేవడం మాకిష్టం లేదు" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఆయన ఇంట్లోనూ పెద్దవాళ్ళు ఉంటే ఇంకా మంచిది. మధ్యాహ్నం పూట మీ అత్తగారు, మామగారు వాళ్ళింట్లోనే కూర్చుని టీవీ చూడొచ్చు, దానికి ఏ కంపెనీ అభ్యంతరం చెప్పదు. మీరు మాత్రం ఇంటర్నెట్ ప్లాన్ చూసుకోండి. డేటా పరిమితి ఉన్నది తీసుకున్నారంటే రోజంతా వార్తలు నడిచే ఇంట్లో అది నెల తిరక్కుండానే అయిపోతుంది. ఫైర్ స్టిక్ కొంటే ఒకసారి చెప్పండి, శనివారం వచ్చి సెట్ చేసి ఇస్తాను.