ఆరుబయట లఘుచిత్రాల ప్రదర్శన: తెర, అనుమతుల గురించి సలహా కావాలి

అనంతపురంలో మా కాలనీవాళ్లం కలిసి ఒక సాయంత్రం లఘుచిత్రాల పండుగ పెట్టుకుంటున్నాం. టిక్కెట్టు లేదు, బహుమతులు లేవు. చుట్టుపక్కల కుర్రవాళ్లు తీసిన పది, పదిహేను నిమిషాల చిత్రాలే. ఇలాంటివి నిర్వహించినవారు దయచేసి సలహా చెప్పండి.

మొదటి చిక్కు గాలి. రామగిరి గాలిమరలను తిప్పే గాలి మా మేడ మీది తెరను ఊరుకోనిస్తుందా? వెదురు గడలకు కట్టిన తెల్లగుడ్డ తెరచాపలా ఉబ్బి, బొమ్మలో ముఖాలు వంకర్లు పోతున్నాయి. గుడ్డకు చిల్లులు పెట్టమని ఒకరు, గోడకు సున్నం కొట్టి దాని మీదే వేయమని ఇంకొకరు అంటున్నారు. నాకైతే గోడే నయమనిపిస్తోంది. పక్కనే వీధిదీపం ఉంది. 3,000 ల్యూమెన్ల (వెలుగు కొలత) అద్దె ప్రొజెక్టరుతో 10 అడుగుల వెడల్పు బొమ్మ స్పష్టంగా వస్తుందా?

రెండోది అనుమతి. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. చిత్రోత్సవాలకు కేంద్ర సమాచార, ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది. ఇంత చిన్న కార్యక్రమానికి ఆ దరఖాస్తు పెట్టుకున్నవారు ఎవరైనా ఉన్నారా? ఎన్ని రోజుల ముందు పెట్టారు? రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్లు కట్టేయాలి కనుక 7 గంటలకే మొదలుపెడతాం. మైకు కోసం పోలీసు స్టేషనులో అడిగితే చాలా, ఇంకెక్కడికైనా వెళ్లాలా?