తొమ్మిదో తరగతిలో ట్రేడ్ కోసం సోషల్ పీరియడ్లు తీసెయ్యొచ్చా?

కరకంబాడి నాన్న
మావాడు తిరుపతి దగ్గర ఒక హైస్కూల్లో తొమ్మిది చదువుతున్నాడు, స్టేట్ సిలబస్. ఈ ఏడాది ఎలక్ట్రానిక్స్ ట్రేడ్, అంటే బడిలోనే పని నేర్పే సబ్జెక్టు, తీసుకున్నాడు. సోల్డరింగ్ అంటే చెవి కోసుకుంటాడు. ఇంట్లో పాడైన మిక్సీ విప్పి, బాగుచేసి మళ్ళీ బిగించాడు. సోషల్ పుస్తకం తెరిస్తే మాత్రం పది నిమిషాల్లో నిద్ర. మొన్న మీటింగులో, ప్రాక్టికల్స్‌కి టైం చాలడం లేదు, వారానికి రెండు సోషల్ పీరియడ్లు ట్రేడ్‌కి ఇద్దామా అని అడిగారు. నేను వెంటనే సరేనన్నా. మా అక్క కొడుకు సిబిఎస్ఇలో చదువుతున్నాడు, అక్కడ స్కిల్ సబ్జెక్టును ఆరోదిగా తీసుకుని పాసైతే సైన్స్, లెక్కలు, సోషల్‌లో ఏదో ఒకటి పోయినా దాని బదులు స్కిల్ మార్కులు లెక్కిస్తారు. మన పిల్లలకీ అట్లా చేస్తే తప్పేముంది? రేపు కూడు పెట్టేది చేతిలోని పనే కదా.

చిత్తూరు మాస్టారు, రిటైర్డ్
బాబూ, 31 ఏళ్ళు సోషల్ చెప్పినవాణ్ణి కాబట్టి నా పక్షపాతం నాకుంటుంది, అయినా చెబుతాను. ఆ సిబిఎస్ఇ రూలు ఫెయిలైన పిల్లాడికి ఏడాది పోకుండా ఆదుకోవడానికి పెట్టింది. మీ అక్క కొడుకు కూడా సోషల్ క్లాసులో కూర్చుంటాడు, పరీక్ష రాస్తాడు. మీ స్కూల్లో అడిగింది వేరు, పాఠమే తగ్గిస్తామంటున్నారు.

నిద్ర సంగతి ఒప్పుకుంటాను. బిట్లు, మ్యాప్ పాయింటింగ్, ముఖ్యమైన ప్రశ్నలు అంటూ మేమే ఆ సబ్జెక్టు ప్రాణం తీశాం. కానీ ఏటా పిల్లల్ని చంద్రగిరి రాజమహల్‌కి తీసుకెళ్ళేవాణ్ణి. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు దగ్గర కోట కట్టుకునే చోటు దక్కింది ఈ చంద్రగిరి రాజుల హయాంలోనే అని ఆ మెట్ల మీద నిలబడి చెబితే ఒక్కడూ నిద్రపోలేదు. చెప్పే పద్ధతి మార్చమని అడగండి, పీరియడ్లు వదులుకోకండి.

రేణిగుంట ఫిట్టర్
అన్నా, నేను పది అయ్యాక ఐటిఐ చేసినోణ్ణి, ట్రేడ్ విలువ నాకు తెలుసు. ఆ చదువు లేకుంటే మా నాయన మాదిరి కూలికే పోయేవాణ్ణి. అందుకే ట్రేడ్ వద్దని ఎవరన్నా అంటే నాకు కోపం వస్తుంది. కానీ నాకు జరిగింది విను. మొదటి ఉద్యోగం ఒక కాంట్రాక్టర్ కింద. జీతంలో 12 శాతం పిఎఫ్ అని పట్టేవాడు, ఇఎస్ఐ కూడా పట్టేవాడు. ఎనిమిది నెలల తర్వాత చూస్తే ఖాతాలో ఒక్క రూపాయి లేదు. పిఎఫ్ ఖాతాకి యూఏఎన్ అనే నెంబరు ఉంటుందని, దాంతో నేనే ఫోన్లో చూసుకోవచ్చని, ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో నాకు తెలియదు. మిషన్ మీద నా చెయ్యి బాగానే తిరిగేది, సంతకం ఎక్కడ పెడుతున్నానో తెలిసేది కాదు.

అయితే మాస్టారూ, మిమ్మల్నీ ఒకటి అడగాలి. నేను చదివిన సోషల్‌లో మొఘలుల పన్నులన్నీ ఉన్నాయి, నా పే స్లిప్ గురించి ఒక్క ముక్క గుర్తులేదు. పీరియడ్లు ఉంచితే సరిపోదు, ఇవి కూడా చెప్పాలి.

పుత్తూరు అమ్మ
మా పాప స్కూల్లో ఆడపిల్లలందర్నీ టైలరింగ్‌కి, బ్యూటీషియన్‌కి రాయించారు, మగపిల్లలకేమో ఆటోమొబైల్. ఏం కావాలని ఎవరూ అడగలేదు. దాని గురించి ఎవరూ మాట్లాడరేంటి? ఇంకో మాట, ఫీజులు కట్టే స్కూళ్ళలో తొమ్మిది నుంచే ఐఐటి ఫౌండేషన్ పెడతారు, మన పిల్లలకి మాత్రం సోషల్ తీసేసి స్క్రూడ్రైవర్ ఇస్తారా? 18 నిండితే ఓటు ఇద్దరికీ ఒకటే కదా.

కరకంబాడి నాన్న
అమ్మా, స్క్రూడ్రైవర్‌ని అంత చిన్నచూపు చూడొద్దు. మా ఇంట్లో అన్నం దానివల్లే. కానీ ఫౌండేషన్ మాట నిజం, అది నాకు తట్టలేదు.

శ్రీకాళహస్తి కలం
మాది కలంకారీ ఇల్లు, అందుకని నాకు ఈ చర్చ వేరేగా కనిపిస్తోంది. బట్టను కరక్కాయ, పాలల్లో నానబెట్టడం, చింతపుల్ల కాల్చిన బొగ్గుతో గీతలు, వెదురు కలంతో బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నల్లరంగు, పటిక వేసి ఉడకబెట్టడం, మళ్ళీ మళ్ళీ ఉతకడం. పదేళ్ళకే ఇవన్నీ నాకు వచ్చు. కానీ మన తీరం బట్టలు ఒకప్పుడు ఓడలకెక్కి యూరప్ పోయేవని, అక్కడి నేతగాళ్ళ గొడవతో ఇంగ్లండు 1700లో దిగుమతిని, 1721లో వాడకాన్నే ఆపే చట్టాలు చేసిందని తెలిసింది డిగ్రీలో. ఆ రోజు ఇంటికొచ్చి మా తాత ముందు కూర్చుని ఏడ్చాను. మన పని చెడింది మన చేతకానితనం వల్లేనని ఆయన జీవితాంతం నమ్మాడు.

ట్రేడూ సోషలూ రెండు గదుల్లో ఎందుకుండాలి? 1937లో వార్ధాలో గాంధీ ముందుంచిన చదువు కూడా ఇదే, రాట్నం తిప్పుతూ పత్తి ఎక్కడ పండుతుంది, దాని ధర ఎవరు నిర్ణయిస్తారు అని నేర్చుకోవడం. మీవాడి సోల్డరింగ్ బల్ల మీద ఉన్న రాగి ఎక్కడిదో, ఆ చిప్ ఏ దేశంలో తయారైందో సోషల్ టీచరు వచ్చి చెబితే వాడు నిద్రపోతాడా?

చిత్తూరు మాస్టారు, రిటైర్డ్
శ్రీకాళహస్తి అమ్మా, నేను 31 ఏళ్ళలో ఒక్కసారి కూడా ట్రేడ్ గదిలోకి అడుగు పెట్టలేదు. ఫిట్టర్ బాబు అడిగినదానికీ నా దగ్గర జవాబు లేదు, కనీస వేతనాల చట్టం 1948లో వచ్చిందని చెప్పాను తప్ప దాన్ని ఎవరు ఎట్లా వాడుకోవాలో చెప్పలేదు.

కరకంబాడి నాన్న
రాత్రి మావాణ్ణి కూర్చోబెట్టి ఫిట్టర్ అన్న పిఎఫ్ సంగతి చదివి వినిపించా. నిద్ర రాలేదు వాడికి, ఆ కాంట్రాక్టర్‌ని ఏం చేశారని రెండుసార్లు అడిగాడు. శనివారం మళ్ళీ మీటింగ్ ఉంది. సరేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ప్రాక్టికల్స్‌కి సాయంత్రం స్టడీ అవర్‌లో గంట ఇవ్వమని అడుగుతా, సోషల్ టీచరు నెలకొకసారైనా ల్యాబ్‌కి రావాలని అడుగుతా. ట్రేడ్ మార్కుల లెక్క విషయంలో మాత్రం నేను ఇంకా మొదటి మాట మీదే ఉన్నా. ఫిట్టర్ అన్నా, ఆ డబ్బులు చివరికి వచ్చాయా లేదా? వాడు పొద్దున కూడా అడిగాడు.