జపమాల చెప్తుంటే నిద్రొస్తుంది, మానేసుడు నయమా?

మిల్లు_తమ్ముడు:
అందరికి వందనాలు. మాది మిర్యాలగూడ దగ్గర, రైస్‌మిల్లుల సూపర్‌వైజర్‌గ చేస్తున్న. వడ్ల సీజన్ వచ్చిందంటే పన్నెండు గంటలు ఆడనే, ఆ మోతకు ఇంటికొచ్చినంక గూడ చెవులల్ల గుయ్‌మంటనే ఉంటది. మా నాయనమ్మ ఉన్నప్పుడు రాత్రి బువ్వకు ముందు అందర్ని కూసోబెట్టి జపమాల (మేము కతోలికులం, పూసలు లెక్కవెట్టుకుంట చెప్పే మరియమ్మ ప్రార్థన) చెప్పించేది, ఆమె పోయినంక ఆ అలవాటు గూడ పోయింది. పోయిన అక్టోబర్ల, జపమాల మాసం కదా అని మళ్ల మొదలువెట్టిన. అండ్ల అయిదు రహస్యాలు, అంటే ప్రభువు, మరియమ్మల జీవితంల ఒక్కో ఘట్టం తలుచుకుంట పదేసి మంగళవార్త జపాలు (మరియమ్మకు చెప్పే ప్రార్థన). కానీ మూడో రహస్యం వచ్చేసరికి కునుకు, కునుకు రాకుంటే మనసంత లారీల మీద, వడ్ల తేమ మీద. నోరు మంగళవార్త జపం చెప్తనే ఉంటది, నేను ఏడనో ఉంట. దానికి తోడు మిల్లుల ఒకాయన, వేరే సంఘానికి పోతడు, "మీరు చెప్పిందే చెప్తరు, మత్తయి 6:7ల ప్రభువు వద్దన్నది అదే" అన్నడు. జవాబు రాలే నాకు. ఫాదర్‌ని అడుగుదామంటే మా ఊరికి నెలకు రెండుసార్లే వస్తడు, పూజ అయితనే బండెక్కి ఇంకో ఊరికి పోతడు. ఇట్ల ఉత్తగ నోటితోని చెప్పేకన్న మానేస్తనే మంచిదా?

పాలమూరు_వదిన:
మానేయకు తమ్మీ. మా ఇంట్ల పొద్దున పది జొన్నరొట్టెలు చేయాలె. ఒక రొట్టె తట్టేటప్పుడు ఒక మంగళవార్త జపం. పిండి పిసికేటప్పుడు పరలోక జపం, పొయ్యి బంజేసినంక త్రిత్వ స్తోత్రం, ఒక రహస్యం అయిపాయె. చుట్టాలొస్తే రొట్టెలు ఎక్కువైతయ్ గని లెక్క పట్టించుకోను. మిగిలిన నాలుగు రహస్యాలు బట్టలు పిండుకుంట, బస్సుల పోవుకుంట అట్లట్ల చెప్త. ఒక్కసారే కూసొని అయిదూ చెప్పాలని రూలేం లేదు. ఒకసారి దుఃఖ రహస్యాలు చెప్తుంటే నిజంగనే ఏడుపొచ్చి రొట్టె మాడింది, మా అత్తమ్మ ఇప్పటికీ అంటది.

దేవరకొండ_ఉపదేశి:
బాబూ, మీ మిల్లాయన చెప్పిన వచనం మంచిదే, కానీ అదే మత్తయిల ఇంకొంచెం ముందుకు పోయి 26:44 చదవమను. గెత్సేమని తోటల ప్రభువు మూడోసారి గూడ అవే మాటలు చెప్పి ప్రార్థించిండని ఉంటది. 136వ కీర్తనల 26 వచనాలుంటే ప్రతి దాంట్ల ఆయన కృప శాశ్వతమన్న మాటే మళ్ల మళ్ల వస్తది. ప్రభువు వద్దన్నది ఎక్కువ మాటలు చెప్తనే దేవుడు వింటడు అనుకునుడు. మాట మళ్ల చెప్పుడు కాదు.

ఇంగో సంగతి, అసలు జపమాల చదువురాని వాళ్ల కోసం పెరిగిన ప్రార్థన. మఠాలల్ల సన్యాసులు 150 కీర్తనలు చదివేటోళ్లు, పుస్తకం లేనోళ్లు వాటికి బదులు 150 మంగళవార్త జపాలు చెప్పుకునేటోళ్లు. 2002ల పోపు రెండో జాన్ పాల్ వెలుగు రహస్యాలని ఇంకో అయిదు కలిపిండు, గురువారం చెప్పేవి అవే. పూసలు చేతులకు పనిస్తయి, మాటలు నోటికి, మనసు పెట్టాల్సింది ఆ రహస్యం మీద. నేను ఒక్కో రహస్యానికి ఒక్క బొమ్మే పట్టుకుంట. దుఃఖ రహస్యాల మొదటిదే గెత్సేమని, అండ్ల ప్రభువు ప్రార్థిస్తుంటే నిద్రపోయింది ఎవరు? పేతురు, యాకోబు, యోహాను. కునుకొచ్చినప్పుడు వాళ్ల పక్కన కూసున్నా అనుకో.

లిసియు చిన్న తెరేజమ్మ, ఫ్రాన్సుల మఠంల ఉన్న పునీతురాలు, ఆమె గూడ ప్రార్థనల నిద్రపోయేదని, జపమాల ఒంటరిగ చెప్పుడు తనకు మస్తు కష్టమని ఆమెనే రాసుకుంది. పిల్లలు నిద్రపోయినా మేలుకున్నా తల్లిదండ్రులకు ముద్దే కదా అనుకునేది. 1997ల అదే అమ్మను శ్రీసభ పండితురాలిగ (కతోలిక సభల గొప్ప బోధకులకిచ్చే బిరుదు) ప్రకటించిన్రు.

నల్గొండోడు_హైదరాబాద్ల:
వదిన చెప్పింది బాగుంది గని నాకొక చిన్న అనుమానం. అంతా పనితోనే కలిపితే దేవుడికి మిగిలేది మనకు అక్కరలేని టైమే అయితదేమో. నేను ఆఫీసుకు పోయేముందు అయిదు నిమిషాలు ఏం చెప్పకుంట సిలువ ముంగట కూసుంట. ఫోన్‌ల 6, 12, 6కు అలారం పెట్టుకున్న త్రికాల జపానికి, మీటింగుల మోగితే మెల్లగ బంజేస్త, మనసుల చెప్పుకుంట. రాత్రి పండుకునే ముందు పునీత ఇగ్నేషియస్ నేర్పినట్టు రోజంత వెనక్కి చూసుకుంట, ముందుగాల కృతజ్ఞత, తర్వాత యాడ తప్పిననో. అట్ల చూసుకుంటనే పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, పోయినప్పుడు ఏం చెప్పాలె అని బుర్ర గోక్కునుడు తప్పుతది.

పాలమూరు_వదిన:
తమ్మీ నువ్వు తలుపేసుకుంటే ఎవరూ కొట్టరు, నేను వేసుకుంటే మా చిన్నోడు తలుపు పగలగొడ్తడు. ఏదైనా ఆ అయిదు నిమిషాల ముచ్చట మంచిగుంది, పిల్లలు స్కూల్‌కు పోయినంక చూస్త.

మిల్లు_తమ్ముడు:
అందరికి థ్యాంక్స్. వారం నుంచి రాత్రి అయిదు రహస్యాలు ఒక్కసారే చెప్పుడు బంజేసిన. పొద్దున బండి మీద ఒకటి, మధ్యాహ్నం బాక్స్ తెరిచే ముందు త్రికాల జపం, రాత్రి ఒక్క రహస్యం, అది నాయనమ్మ పూసలతోని. నిద్ర ఇప్పటికీ వస్తుంది. 26:44 మిల్లాయనకు చూపిస్తే, మా పాస్టర్‌ని అడిగి చెప్త అన్నడు, ఇద్దరం చాయ్ తాగినం.

ఫిబ్రవరిల విజయవాడ గుణదల మరియమ్మ పండగకు పోదామనుకుంటున్న, వేలికి పెట్టుకునే పది పూసల ఉంగరం ఉంటదట కదా, ఆడ దొరుకుతదా?

దేవరకొండ_ఉపదేశి:
9, 10, 11 తేదీలల్ల పో, చర్చి కింద దుకాణాలల్ల చూడు. కానీ మిల్లుల మిషన్ బెల్టుల దగ్గర వేలికి ఉంగరం పెట్టుకోకు బాబూ, జేబులనే ఉంచుకో.